డాఫొడిల్ కొత్త వంగడం పేరు నమోదు: దరఖాస్తు విధానం

దుంపతో పెరిగే పూలమొక్క డాఫొడిల్. దాని వంగడం ఏ దేశంలో పుట్టినా దాని పేరు నమోదు చేసేది బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీయే. 1955 నుంచి ఈ బాధ్యత ఆ సంస్థదే. నమోదుతో పేరు ఖాయమవుతుంది గానీ అమ్మకపు హక్కులు రావు. వాటికి దరఖాస్తు వేరు.

విత్తనం నుంచి తొలి పువ్వుకు నాలుగైదేళ్లు పట్టవచ్చు. ఆ ఒక్క పువ్వును చూసి ఫారం నింపకండి. పువ్వు మధ్యలో గిన్నెలా పొడుచుకొచ్చే భాగమే గిన్నె. గులాబీ రంగు గిన్నెల ఛాయ వాతావరణాన్ని బట్టి మారుతుంది, ఎర్ర అంచులు ఎండకు మాడతాయి. కొన్ని పసుపు గిన్నెలు విచ్చాక తెల్లబడతాయి. రెండు మూడు సీజన్లు చూశాకే రంగు రాయండి.

ఎక్కువ తప్పులు జరిగేది కొలతల్లోనే. రేకు పొడవును లోపలివైపు, గిన్నెతో కలిసే చోటు నుంచి కొన వరకు మిల్లీమీటర్లలో కొలవాలి. గిన్నె అంచును మాత్రం సాపు చేసి కొలవాలి. ముడతలతోనే కొలిస్తే పొడవు తగ్గి, విభాగమే మారిపోతుంది. కాడకు ఒకే పువ్వు పూసే మామూలు రకాల్లో గిన్నె రేకంత లేదా అంతకంటే పొడవుంటే 1వ విభాగం. మూడో వంతు దాటి, రేకు కంటే తక్కువైతే 2. మూడో వంతు లేదా అంతకు లోపైతే 3. ముద్దపూలు 4లోకి వస్తాయి. మొత్తం విభాగాలు 13.

రంగు కోడ్‌లో ముందు రేకులు, గీత తర్వాత గిన్నె. గిన్నెకు మూడు రంగులుంటే అడుగు నుంచి అంచుకు వరసగా రాయాలి. ‘యాక్టియా’ అనే వంగడం కోడ్ 9 డబ్ల్యూ-వైవైఆర్: 9వ విభాగం, తెల్ల రేకులు, పసుపు గిన్నె, ఎర్ర అంచు. కొందరు అంచు నుంచి లోపలికి రాస్తారు, అది తప్పు.

పేరు 30 అక్షరాలు మించకూడదు, కొత్తగా పెట్టే పేరు లాటిన్‌లో ఉండకూడదు. డాఫొడిల్స్‌లో ఇంతకుముందు వాడిన పేరూ పనికిరాదు, కాబట్టి ముందు సొసైటీ రిజిస్టర్‌లో వెతకండి. తల్లి మొక్క, పుప్పొడి మొక్కల పేర్లు ఆ వరసలోనే రాయండి. తెలియకపోతే తెలియదనే రాయండి. ఊహించి రాస్తే ఆ తప్పు రిజిస్టర్‌లో నిలిచిపోతుంది. మొదట పూసిన ఏడాది, కాడ ఎత్తు, పూత కాలం చేర్చి, పువ్వు ముందువైపు, పక్కవైపు ఫొటోలు జతచేయండి.

దుంపలు కుళ్లిపోతే రిజిస్టర్‌లో పేరొక్కటే మిగులుతుంది. అందుకే ఆ వంగడం దుంపలను రెండు చోట్ల పెంచండి. ఆకులపై పసుపు చారలు కనిపిస్తే వైరస్‌గా అనుమానించి ఆ మొక్కను వెంటనే పీకేయండి. నులిపురుగు తగిలిన దుంపలను నిద్రావస్థలో 44.4 డిగ్రీల సెల్సియస్ నీటిలో మూడు గంటలు ఉంచాలి. వేడి అంతకంటే తగ్గితే పురుగు చావదు, పెరిగితే లోపలి మొగ్గ దెబ్బతింటుంది.