స్ట్రోక్ తర్వాత వదలని నీరసం: ఎక్కడ తేడా వస్తోందో పట్టుకోవడం ఎలా

మా నాన్నకి స్ట్రోక్, అంటే పక్షవాతం, వచ్చి రెండేళ్ళవుతోంది. చెయ్యి తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, నీరసం మాత్రం పోలేదు. మొదట్లో ఇంట్లో అందరం "నడుస్తున్నావు కదా నాన్నా, ఇంకా ఏటి నీరసం" అనేవాళ్ళం, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో దాదాపు సగం మందికి ఇది ఉంటుందట, చిన్న స్ట్రోక్ అయినా రావచ్చు, కాలూ చెయ్యీ పూర్తిగా బాగైపోయినా ఏళ్ళ తరబడి ఉండొచ్చు. మామూలు అలసటైతే నిద్రపోతే తీరిపోద్ది, ఇది తీరదు. దీనికంటూ ఫలానా మాత్ర అని ఇంకా ఏదీ లేదు గానీ, దీన్ని పెంచే వేరే కారణాలు బోలెడుంటాయి, వాటిలో చాలావాటికి మందుంది.

ముందు ఒక్క మాట. ఎప్పుడూ ఉండే నీరసం వేరు, ఉన్నట్టుండి మూతి వంకర పోవడం, చెయ్యో కాలో పడిపోవడం, మాట ముద్దగా రావడం, చూపు పోవడం, తూలిపోవడం వేరు. అప్పుడు "కాసేపు పడుకోనీలే" అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి, మెదడు రక్తనాళంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవి మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.

రాత్రంతా పడుకున్నా పొద్దున్నే నీరసం

గురక ఉందేమో చూడండి. గురక పెడుతూ పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి, మళ్ళీ ఉలిక్కిపడినట్టు పీల్చుకుంటుంటే అది స్లీప్ ఆప్నియా, స్ట్రోక్ వచ్చినవాళ్ళలో చాలామందికి ఉంటుంది, బీపీ కూడా పెంచుద్ది. రాత్రి ఫోన్లో రెండు నిమిషాలు వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి, నోటితో చెప్పేకన్నా అదే బాగా అర్థమవుతుంది. స్లీప్ టెస్ట్ రాస్తారు, తేలితే రాత్రిపూట ఊపిరి ఆగకుండా గాలి పంపే మాస్క్ మెషిన్. ఇంకోటి, రాత్రి నాలుగుసార్లు బాత్రూమ్‌కి లేస్తుంటే బీపీకి ఇచ్చిన నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయించేది) పొద్దున్నకి మార్చొచ్చా అని అడగండి.

మాత్ర వేసుకున్న గంటకో రెండు గంటలకో కళ్ళు మూతలు పడటం

ఫిట్స్ రాకుండా ఇచ్చే లెవెటిరాసెటమ్ లాంటివి, కండరాలు బిగుసుకోకుండా ఇచ్చే బాక్లోఫెన్, నిద్రమాత్రలు, గుండెకీ బీపీకీ ఇచ్చే మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి నీరసం తెప్పించొచ్చు. అలాగని మీరే ఆపేయొద్దు, ఫిట్స్ మాత్రా బాక్లోఫెనూ ఠక్కున ఆపితే ప్రమాదం. ఏ మాత్ర ఎన్నింటికి, మగత ఎన్నింటికి అని రాసుకెళ్తే డోసో టైమో మార్చేది డాక్టరే చూసుకుంటారు.

రోజురోజుకీ ఓపిక తగ్గిపోతున్నట్టు, తిండి కూడా సయించకపోవడం

రక్తపరీక్షలు: హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, సోడియం, బీ12 విటమిన్. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడినవాళ్ళకి బీ12 తగ్గొచ్చు, నీటి మాత్రలతో పెద్దవాళ్ళకి సోడియం పడిపోవచ్చు. ఇక మన ఇళ్ళల్లో పథ్యం అనేదొకటుంది కదా, పక్షవాతం అనగానే జావ, చారన్నం తప్ప ఏదీ పెట్టరు, మా పిన్ని అయితే మూడు నెలలు చేప ముట్టనివ్వలేదు, వైజాగ్‌లో ఉండి! ఉప్పు పట్టిన ఎండుచేపా వేపుళ్ళూ వద్దు గానీ పులుసు పెట్టుకోవచ్చు, గుడ్డు, పప్పు, పెరుగు పెట్టొచ్చు. కాకపోతే మింగేటప్పుడు పొరబోతుంటే మాత్రం ముందు అది డాక్టర్‌కి చెప్పండి.

ఒకరోజు హుషారు, తర్వాత రెండ్రోజులు మంచం

మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది ఇదే. ఒకరోజు బాగుందని నాన్న పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి, ఆ జనంలో గంటన్నర తిరిగి, సంచులు మోసుకుని వచ్చాడు, తర్వాత రెండ్రోజులు అన్నానికి కూడా లేవలేదు. జబ్బు తిరగబెట్టిందేమో అని మేము హడలిపోయాం. కారణం సింపుల్, ఉన్న ఓపికంతా ఒక్కరోజే వాడేశాడు. మా వీధి కొళాయి పొద్దున్న కాసేపే వస్తుంది, పట్టిన డ్రమ్ముతోనే రోజంతా గడవాలి, పొద్దున్నే బళ్ళు కడిగేస్తే సాయంత్రానికి గిన్నెలకి నీళ్ళుండవు. ఓపికా అంతే.

అందుకే ఇప్పుడు స్నానం, ఫిజియో ఒకే పూట పెట్టం. స్నానం ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చునే, గెడ్డం కూడా కూర్చునే. బాగున్న రోజైనా అనుకున్నదానికన్నా ఎక్కువ చేయనివ్వం, బాగోకపోయినా పూర్తిగా పడుకోనివ్వం, ఎందుకంటే ఊరికే పడుకుంటే కండ కరిగి నీరసం ఇంకా పెరుగుతుంది. మధ్యాహ్నం మూడులోపు అరగంట కునుకు, అంతకన్నా ఎక్కువైతే రాత్రి నిద్ర చెడుతుంది. నడక మాత్రం పొద్దున్నే, బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేస్తారు కదా అప్పుడు, ఎత్తుపల్లాలు కూడా ఉండవు. మొదట అయిదు నిమిషాలు, వారం తట్టుకుంటే ఇంకో రెండు నిమిషాలు. ఇప్పుడు కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా వెళ్తాడు, మధ్యలో ఒకచోట కూర్చుంటాడు. మే నెల ఉక్కపోతలో ఇంత వద్దు, ఇంట్లోనే ఫ్యాన్ కింద.

పని ఏమీ చేయకపోయినా జనం మధ్య ఉంటే అలసిపోవడం

వినడం, మాట వెతుక్కోవడం కూడా మెదడుకి పనే. టీవీ మోగుతుండగా పరామర్శకి వచ్చిన ఆరుగురు ఒకేసారి మాట్లాడితే ఆ మనిషి ఏం చేస్తాడు చెప్పండి. టీవీ ఆపండి, ఇద్దరిద్దరుగా రమ్మనండి, పావుగంటకి టీ ఇచ్చి పంపించేయండి, ఎవరైనా ఏమైనా అనుకోనీ.

దేనిమీదా ఇష్టం లేకపోవడం

చేయాలనుంది గానీ ఓపిక లేదంటే నీరసం. చేయాలనే లేదు, ఊరికే ఏడుపొస్తోంది, బతికేం లాభం అంటుంటే అది డిప్రెషన్, రెండూ కలిసి కూడా ఉండొచ్చు. స్ట్రోక్ తర్వాత ఇది చాలా మామూలే, మందులున్నాయి, ఆలస్యం చేయకుండా చూపించండి.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు రెండు వారాల నోట్‌బుక్ పట్టుకెళ్ళండి: ఎన్నింటికి నిద్ర, ఏం పని చేశారు, నీరసం పదికి ఎంత. మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకోండి, ఆయుర్వేదం, నాటుమందు ఏది వాడుతున్నా అదీ కవర్లోనే వెయ్యండి, దాచకండి.