కరీబియన్ కుర్ర వింగర్ కెరీర్‌ని లాంగ్‌బుక్‌లో రాసుకోవడం ఎలా

నా టేబుల్ సొరుగులో రెండు వందల పేజీల లాంగ్‌బుక్ ఒకటి ఉంటుంది. అట్ట మీద స్కెచ్ పెన్నుతో 'వింగర్లు' అని రాసుకున్నాను, అంటే ఫుట్‌బాల్‌లో మైదానం అంచుల వెంట పరిగెత్తి దాడి చేసేవాళ్ళు. మన ఊరి పిల్లలకి డ్రిల్లు చెప్పే పీఈటీ మాస్టారికి జమైకా, ట్రినిడాడ్ కుర్రాళ్ళతో పనేమిటని స్టాఫ్‌రూమ్‌లో అడుగుతుంటారు. పని ఉంది. ట్రినిడాడ్ అండ్ టొబాగో మొత్తం జనాభా సుమారు 15 లక్షలు. పెద్ద లీగ్ లేదు, డబ్బున్న క్లబ్బుల్లేవు. అయినా అక్కడి స్కూలు గ్రౌండ్‌లో ఆడిన పిల్లవాడు యూరప్‌లో ఛాంపియన్ అయ్యాడు. ఎలా వెళ్ళాడు, ఎక్కడ ఆగాడు, మళ్ళీ ఎలా లేచాడు అన్నది వరసగా రాసుకుంటే తప్ప అర్థం కాదు. గోల్స్ వీడియోలు చూస్తే అసలే అర్థం కాదు.

మొదటి పేజీలో పుట్టిన తేదీ రాయండి. దాని కింద పద్దెనిమిదో పుట్టినరోజు రాసి రెండు గీతలు కొట్టండి. కరీబియన్ కుర్రాడి జీవితంలో ఆ తేదీ తలుపు లాంటిది. 18 నిండకుండా ఆటగాణ్ణి ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బదిలీ చేయకూడదని ఫిఫా నియమం. కొన్ని మినహాయింపులున్నాయి. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి మారితే ఒప్పుకుంటారు. యూరప్ యూనియన్ లోపల 16 నిండితే చాలు. జమైకా రాజధాని కింగ్‌స్టన్ పిల్లవాడికి ఆ రెండోది ఎలాగూ వర్తించదు. నా పుస్తకంలో ఇద్దరి పేజీలు ఎదురెదురుగా ఉన్నాయి. లియాన్ బెయిలీ, జమైకా, 1997 ఆగస్టు 9. లెవీ గార్సియా, ట్రినిడాడ్, 1997 నవంబరు 20. బెయిలీ 2015లో 18 నిండగానే బెల్జియంలోని గెంక్‌కి ఆడటం మొదలుపెట్టాడు. గార్సియా 2016 మొదట్లో నెదర్లాండ్స్‌లోని ఏజెడ్ ఆల్క్‌మార్‌లో చేరాడు. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే నియమం కళ్ళకి కడుతుంది.

రెండో పేజీ అంతా స్కూలుకి ఇవ్వండి. ఇక్కడ తొందర పడకండి, చాలామంది దాటేసేది ఇదే. జమైకాలో మ్యానింగ్ కప్ అనే స్కూళ్ళ టోర్నీ వందేళ్ళకి పైగా ఉంది. అది రాజధాని ప్రాంతం స్కూళ్ళది. మిగతా జిల్లాల స్కూళ్ళకి డకోస్టా కప్. స్కూలు మ్యాచ్‌కి స్టేడియం నిండే దేశం అది. గార్సియా చదివిన స్కూలు పేరు మొదటిసారి చూసినప్పుడు నేను రెండుసార్లు చదువుకున్నాను. శివ బాయ్స్ హిందూ కాలేజ్, పెనాల్. అక్కడ కాలేజ్ అంటే హైస్కూలే. 1845 నుంచి చెరకు తోటల పనికి ఓడల్లో తీసుకెళ్ళిన మనవాళ్ళ పిల్లలు కట్టుకున్న బడులు ఇలాంటివి. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్ళినా మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ బడి జెర్సీ వేసుకుని ఆడిన కుర్రాడు కాబట్టి అతని పేజీ మీద నాకు మమకారం ఎక్కువ. ఆ మాట దాచను.

బెయిలీది వేరే దారి. కింగ్‌స్టన్‌లోని కసావా పీస్ అనే పేదల పేటలో పెరిగి, పెంపుడు తండ్రి క్రెయిగ్ బట్లర్ నడిపే అకాడమీలో ఆట నేర్చి, చిన్న వయసులోనే ఆ కుటుంబంతో యూరప్ వచ్చాడు. ఆస్ట్రియా, స్లొవేకియా, బెల్జియం తిరిగాడు. ఇంటి అన్నం, ఇంటి భాష అంత చిన్నప్పుడే వదలడం ఒక రకం కష్టం. 18 దాకా ఇంట్లో ఉండి, ఒక్కసారిగా డచ్ చలికాలంలో దిగడం ఇంకో రకం. ఏది మేలని నన్నడిగితే రెండోదే అంటాను. పిల్లవాడు ముందు ఇంట్లో మనిషి కావాలి.

ఇక అసలు గడులు. ప్రతి మ్యాచ్‌కి ఒక వరస గీసి ఇవి రాయండి: ఏ నిమిషంలో దిగాడు, ఏ నిమిషంలో బయటికొచ్చాడు, కుడి వైపా ఎడమ వైపా, ఎదురుగా ఉన్న ఫుల్‌బ్యాక్‌ని, అంటే ఆ అంచున కాపలా కాసేవాణ్ణి, ఎన్నిసార్లు దాటాడు, ఎన్నిసార్లు వెనక్కి పాస్ ఇచ్చి ఊరుకున్నాడు. గోల్స్ చివరి గడిలో, చిన్న అక్షరాలతో. నా లెక్కలో 900 నిమిషాలు, అంటే పది పూర్తి మ్యాచ్‌లు నిండే దాకా ఏ కుర్రాడి గురించీ తీర్పు రాయకూడదు.

గోల్ కన్నా పరుగు ఎందుకు రాయాలో ఒక మ్యాచ్ చూపిస్తాను. 2023 డిసెంబరు 6, విల్లా పార్క్, బెయిలీ ఆడిన ఇంగ్లండ్ క్లబ్బు ఆస్టన్ విల్లాకీ మాంచెస్టర్ సిటీకీ మ్యాచ్, 74వ నిమిషం. బెయిలీ మైదానం మధ్యలోంచి బంతి తీసుకుని సూటిగా పరిగెత్తాడు. పెనాల్టీ బాక్స్ అంచున ఎడమ కాలితో కొట్టాడు. బంతి సిటీ డిఫెండర్ రూబెన్ డియాస్‌కి తగిలి, దారి మారి, గోల్‌కీపర్ మీంచి లోపల పడింది. 1-0, అదే ఫలితం. బంతి తగిలి దారి మారడం అదృష్టం. కానీ అలసిపోయిన సమయంలో అంత దూరం బంతి కాలికి అంటిపెట్టుకుని వెళ్ళడం అదృష్టం కాదు. మా పిల్లలకి ఆ ముక్క సెల్‌ఫోన్‌లో ఆపి ఆపి చూపించాను. బంతి కొట్టే ముందు అతని తల రెండుసార్లు లేచిందా, ఒకసారేనా లెక్కపెట్టమన్నాను. ఆ లెక్క మీరూ వేయండి, ఎవరి కంటితో వాళ్ళు వేస్తేనే కన్ను కుదురుతుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి, మీరు చేయకుండా ఉండటానికి. గార్సియా ఏజెడ్‌లో నిలదొక్కుకోలేకపోయాడు. ఎక్సెల్సియర్ అనే ఇంకో డచ్ క్లబ్బుకి లోన్ మీద, అంటే కొన్నాళ్ళకి అరువుగా, పంపారు. 2018లో నెదర్లాండ్స్ వదిలి ఇజ్రాయెల్ ఉత్తర సరిహద్దు దగ్గర చిన్న ఊరి క్లబ్బు కిర్యత్ ష్మోనాకి వెళ్ళాడు. ఆ వార్త చూసిన రోజు నేను ఎర్ర ఇంకుతో అడ్డగీత కొట్టి 'ఇక ఇంతే' అని రాశాను. రెండేళ్ళు ఆ పేజీ తెరవలేదు. నేను క్లబ్బు పేరు చూశాను, నిమిషాలు చూడలేదు. పెద్ద లీగ్‌లో బెంచీ మీద కూర్చునే కుర్రాడు చిన్న లీగ్‌లో వారం వారం ఆడుతున్నాడంటే అది దిగడం కాదు, కాళ్ళు కూడదీసుకోవడం. అక్కడి నుంచి బేతార్ జెరూసలేం, 2020లో గ్రీస్‌లోని ఏఈకే ఏథెన్స్. 2022-23 సీజన్‌లో అర్జెంటీనా కోచ్ మాటియాస్ అల్మేడా కింద ఏఈకే లీగ్, కప్ రెండూ గెలిచింది. గార్సియా ఆ జట్టులో ముఖ్యుడు. మైదానం పక్కగీత దగ్గర మొదలైనవాడు మెల్లగా గోల్ ముందుకి జరిగి స్ట్రైకర్‌గా కూడా ఆడాడు. 2025లో స్పార్టక్ మాస్కో కొనుక్కుంది. నా ఎర్ర గీత అలాగే ఉంది. చెరపలేదు, కొత్తగా చేరిన పిల్లలకి మొదట చూపించే పేజీ అదే.

గాయాలకి విడిగా ఒక పేజీ పెట్టండి. వింగర్ బతుకంతా ఒక్కసారిగా దూకే పరుగు మీదే, తొడ కండరం దెబ్బతినేది అక్కడే. 2021 సెప్టెంబరులో ఎవర్టన్ మీద బెయిలీ సబ్‌గా దిగాడు. కార్నర్ కొడితే ఎవర్టన్ ఆటగాడి తలకి తగిలి గోల్ అయింది, తర్వాత తనే ఒకటి కొట్టాడు. దిగిన ఇరవై నిమిషాలకే కుంటుతూ బయటికొచ్చాడు. ఆ రోజు గోల్ రాసి సంబరపడినవాడు తర్వాతి వారాలు ఎందుకు ఖాళీగా ఉన్నాయో చెప్పలేడు. ఆడని మ్యాచ్‌లకి కూడా వరస గీయండి, ఎదురుగా కారణం రాయండి.

దేశం తరఫున ఆడే మ్యాచ్‌లు మనకి తెల్లవారుజామున వస్తాయి. కింగ్‌స్టన్‌లో సాయంత్రం 7 అంటే మనకి మర్నాడు పొద్దున 5:30, ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో 7 అంటే 4:30. పాలప్యాకెట్లు వచ్చే వేళ. అవి చూస్తే తెలుస్తుంది, క్లబ్బులో సాఫీగా ఆడే కుర్రాడు సముద్రం దాటొచ్చి రెండు రోజుల ప్రాక్టీసుతో వేరే పాస్‌లకి అలవాటు పడటం ఎంత కష్టమో. 2025 నవంబరు 18 రాత్రి వరల్డ్ కప్‌కి నేరుగా వెళ్ళాలంటే గెలవాల్సిన మ్యాచ్‌లో జమైకా సొంత గడ్డ మీద క్యురసావ్ అనే చిన్న దీవితో 0-0తో ఆగిపోయింది. బంతి మూడుసార్లు గోల్‌పోస్టుకి తగిలింది, ఇచ్చిన పెనాల్టీని వీఏఆర్ (రిఫరీకి సాయపడే వీడియో) చూసి వెనక్కి తీసుకున్నారు. లక్షన్నర జనాభా ఉన్న క్యురసావ్ 2026 వరల్డ్ కప్‌కి వెళ్ళింది. ఆటగాడి పేజీలో ఇలాంటి రాత్రిని ఓటమిగా రాయకండి, అతని గడులు మాత్రమే నింపండి.

డబ్బు గురించి ఒక్క లెక్క చాలు. ఒప్పందం మధ్యలో డబ్బిచ్చి దేశం దాటించి కొంటే, ఆ ధరలో 5 శాతం 12 నుంచి 23 ఏళ్ళ వరకూ అతన్ని తయారుచేసిన క్లబ్బులకి పంచాలి. కోటి యూరోల బదిలీ అయితే 12 నుంచి 15 ఏళ్ళ దాకా నాలుగేళ్ళు ఉంచుకున్న చిన్న క్లబ్బుకి లక్ష యూరోలు. దీవిలో ఒక గ్రౌండ్ బాగుపడే డబ్బు అది. కానీ ఆ ఏళ్ళలో పిల్లవాడి పేరు రిజిస్టర్‌లో ఉండాలి. అందుకే మా పిల్లల రిజిస్ట్రేషన్ కాగితాలు నేను వాయిదా వేయను.

ఎవరితో మొదలుపెట్టాలంటే దుజువాన్ రిచర్డ్స్‌తో పెట్టండి. 2005లో పుట్టాడు, కింగ్‌స్టన్ కాలేజ్ జెర్సీ వేసుకుని మ్యానింగ్ కప్ ఆడాడు, 18 నిండాక ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీకి వెళ్ళాడు. ముందు వరసలో ఎటైనా ఆడతాడు కాబట్టి 'ఏ వైపు' గడి కాస్త వెడల్పుగా గీయండి. కుర్రాళ్ళ జట్టులో ఆడిన నిమిషాలు పెన్సిల్‌తో, సీనియర్ జట్టులో ఆడినవి నీలి ఇంకుతో రాయండి, రెండూ కలిపి కూడకండి. ఎర్ర పెన్ను సొరుగులోనే ఉండనివ్వండి.