వలెన్సియా వెళ్తే పొద్దున్నే మార్కెట్‌కి

స్పెయిన్‌లో మధ్యధరా తీరాన ఉన్న రేవు పట్టణం వలెన్సియాకు ఒక్కరోజే కేటాయిస్తుంటే, ఆ రోజు ఆదివారం కాకుండా చూసుకోండి. 1928లో తెరిచిన సెంట్రల్ మార్కెట్‌కి ఆ రోజు సెలవు. మిగతా రోజుల్లోనూ మధ్యాహ్నం మూడింటికే కట్టేస్తారు. ఎదురుగానే పాత పట్టు బజారు లోంజా ఉంది. మెలితిప్పిన తాళ్లలా పైకి లేచిన ఆ రాతి స్తంభాల్ని తప్పకుండా చూడండి.

పాయెయా అనే అన్నం వంటకాన్ని మధ్యాహ్న భోజనంలోనే తినండి, అక్కడి అలవాటూ అదే. ఊరి అసలు వంటకంలో రొయ్యలుండవు, కోడి, కుందేలు, చిక్కుళ్లు ఉంటాయి. అడుగున ఎర్రగా వేగి కరకరలాడే అన్నం పొరను సొకర్రాత్ అంటారు. గీకి మరీ తినండి, రుచంతా అందులోనే ఉంది!

తిన్నాక తూరియా తోటలో నడవండి. 1957 వరద తర్వాత నదిని ఊరి బయటికి మళ్లించి, ఎండిన పాయలో పెంచిన తోట అది. పాత వంతెనలు ఇంకా తలమీదుగానే ఉన్నాయి.