కొత్త ర్యామ్ వేశాక సర్వర్‌లో మెమరీ తక్కువ కనిపిస్తే

ఎనిమిది 32 జీబీ స్టిక్కులు వేశారు. 256 జీబీ ఉండాలి, సర్వర్ 224 చూపిస్తోంది. ఈ ఫిర్యాదు విన్నప్పుడల్లా నేను ముందు అడిగేది ఒకటే: స్టిక్ రెండు చివర్లా క్లిప్పులు టక్కుమని పడ్డాయా? పడ్డాయనే అంటారు. వెళ్లి చూస్తే ఒక చివర కొద్దిగా పైకి లేచి ఉంటుంది. దయచేసి అన్నీ తీసి మళ్లీ గట్టిగా నొక్కండి.

రెండోది, మూత లోపలి వైపు అంటించిన బొమ్మ. ఏ స్లాట్లు ముందు నింపాలో అందులో ఉంటుంది. చాలామంది మూత తీసి బోర్లించి పక్కన పెట్టేస్తారు, ఆ బొమ్మ నేలను చూస్తూ ఉంటుంది. రెండు సీపీయూ సాకెట్ల బోర్డులో రెండో సీపీయూ లేకపోతే దాని వైపు స్లాట్లు పనిచేయవు. సరిగ్గా సగమే కనిపిస్తే బయోస్‌లో మెమరీ మిర్రరింగ్ (ఒకే డేటాను రెండు చోట్ల రాసి ఉంచే అమరిక) ఆన్‌లో ఉందేమో చూడండి. అసలు బూట్ కాకపోతే ఆర్‌డిమ్, ఎల్‌ఆర్‌డిమ్ అనే రెండు రకాల స్టిక్కులు కలిపి వేశారేమో స్టిక్కుల మీది లేబుళ్లు చదవండి, ఆ రెండూ కలిసి పనిచేయవు. అన్నట్టు, ర్యామ్ మార్చాక మొదటిసారి తెర చాలా నిమిషాలు నల్లగా ఉండటం మామూలే. కంగారుపడి కరెంటు ఆపకండి.

ఇవన్నీ బాగున్నాయా? ఇప్పుడు కనిపించని స్లాట్‌లోని స్టిక్‌ను కనిపిస్తున్న స్లాట్‌లోని దానితో మార్చండి. లోపం స్టిక్ వెంట వెళ్తే స్టిక్ చెడ్డది, మార్పించుకోండి. స్లాట్ దగ్గరే ఉండిపోతే మాత్రం ఆగండి. బోర్డు పోయిందని తేల్చేయకండి. నేను అలా తేల్చి, బోర్డు మార్పించి, కొత్త బోర్డులో మరో స్లాట్ మాయమవడం చూసి తల పట్టుకున్నాను.

ఆ రోజు ర్యామ్‌తో పాటు సీపీయూ కూడా మార్చాను. ఏఎండీ ఎపిక్, ఎస్‌పీ3 సాకెట్. అందులో 4094 కాంటాక్టులు, ఎనిమిది మెమరీ ఛానళ్లు, అంటే సీపీయూకు ర్యామ్‌కు మధ్య దారులు. మెమరీ కంట్రోలర్ ఉండేది సీపీయూలోనే కాబట్టి ప్రతి ఛానల్ తీగలూ సాకెట్ పిన్నుల గుండానే వెళ్తాయి. సీపీయూను సాకెట్‌కు అదిమి పట్టే ఫ్రేమ్ స్క్రూలు ఒక పక్క ఎక్కువ, మరో పక్క తక్కువ బిగిస్తే ఒక మూల పిన్నులు సరిగా తగలవు. సీపీయూ పనిచేస్తుంది, సర్వర్ బూట్ అవుతుంది, ఒక్క ఛానల్ మాత్రం ఉండదు. ఒక్కోసారి రెండు రోజులు కనిపించి, రీబూట్ తర్వాత పోతుంది. చూసేవాళ్లకు తప్పు కొత్త ర్యామ్‌దే అనిపిస్తుంది. రెండు బోర్డులనూ బిగించింది నా చేతులే, అదీ మామూలు స్క్రూడ్రైవర్‌తో, అంచనాగా.

బాగు చేయడం ఇలా. హీట్‌సింక్ తీయండి. ఫ్రేమ్ మీద స్క్రూల పక్కన 1, 2, 3 అంకెలుంటాయి. విప్పేటప్పుడు 3, 2, 1. సీపీయూ తీసి టార్చి వెలుతురును పక్కవాటుగా వేస్తే పిన్నులన్నీ ఒకేలా మెరవాలి. ఒకచోట మెరుపు తేడాగా ఉంటే అక్కడ పిన్ను వంగింది, లేదా థర్మల్ పేస్ట్ పడింది. వేలు పెట్టకండి. అన్నీ బాగుంటే సీపీయూ పెట్టి 1, 2, 3 వరుసలో టార్క్ స్క్రూడ్రైవర్‌తో (ఎంత బలంతో బిగించాలో ముందే పెట్టుకునేది) బిగించండి, సుమారు 1.6 న్యూటన్ మీటర్లు. కొత్త పేస్ట్ వేసి, హీట్‌సింక్ స్క్రూలను ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా తిప్పుతూ రండి. ఇంటెల్ వైపు ఎల్‌జీఏ 3647 సాకెట్‌లో అంకెలు వేరు, తంటా ఇదే.

పాత బయోస్, నిజంగా కాలిపోయిన స్లాట్ కూడా ఉంటాయి గానీ అరుదు. సీపీయూ మళ్లీ బిగించకుండా వాటి జోలికి వెళ్లకండి. 256 కనిపించాక కూడా నాలుగైదుసార్లు పూర్తిగా కరెంటు తీసి పెట్టి, ఈవెంట్ లాగ్‌లో ఆ ఛానల్ మీద ఈసీసీ లోపాలు (మెమరీ డేటాలో దొరికిన తప్పులు) పడుతున్నాయేమో చూసి మూత వేయండి.