అడవి దారిలో వీరగల్లు కనిపిస్తే

పల్నాటి గుట్టల్లోనో నల్లమల అంచునో నడుస్తుంటే, పొదల మధ్య ఒరిగిన రాతి పలక మీద కత్తి ఎత్తిన మనిషి కనిపించవచ్చు. అది చాలావరకు వీరగల్లే. పోరులోనో, ఊరి పశువుల మందను దొంగల నుంచి కాపాడుతూనో ప్రాణమిచ్చినవాడి పేరున నిలిపిన రాయి అది. దాని కింద సమాధి ఉండి తీరాలని లేదు.

ఎవరికీ పట్టని రాయిలా కనిపించినా అలా అనుకోకండి. దగ్గరి ఊళ్లో ఎవరో ఒకరు ఏడాదికోసారి వచ్చి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి వెళ్తుండవచ్చు. కారెంపూడిలో పల్నాటి వీరులకు ఇప్పటికీ కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు ఆరాధన జరుగుతుంది. అందుకే రాయిని కడగడం, నిలబెట్టడం, గుడి దగ్గరికి చేర్చడం, ఈ మూడు పనులకూ దిగవద్దు. మీరు చేయగలిగిన మేలు, ఉన్నదాన్ని ఉన్నట్టు నమోదు చేయడం.

ముందు మీ కాళ్లు జాగ్రత్త. ఒరిగిన రాయి కింద పాములు, తేళ్లు చేరతాయి. కర్రతో చుట్టూ నేల తట్టి, మూడు నిమిషాలు ఆగి దగ్గరికి వెళ్లండి. రాయి అడుగున చేయి పెట్టవద్దు. అది రిజర్వు అడవి అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా దారి వదిలి లోపలికి పోకూడదు.

రాయిని లేపాలనిపిస్తే లెక్క చూడండి. మీటరున్నర పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం ఉన్న గ్రానైటు పలక సుమారు 360 కిలోలు తూగుతుంది. దానిలో పగులు ఉంటే, గడ్డపారతో ఒక చివర ఎత్తినప్పుడు నడిమికి విరగవచ్చు.

శుభ్రం చేయడంలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. అట్టకట్టిన రాతిపువ్వును ఇనుప బ్రష్షుతో గోకితే రాతి పొర కూడా ఊడివస్తుంది, లోతు తక్కువైన అక్షరాలు ముందు పోతాయి. యాసిడ్, సబ్బు, నూనె ఏవీ వద్దు. అక్షరాల్లో సుద్ద దిద్దడం ఇంకా చెడ్డ అలవాటు: పగులును గీత అనుకుని దిద్దితే, తర్వాత చదివేవారు కూడా మీ తప్పునే చదువుతారు. కాగితం తడిపి అద్ది, మసితో ముద్ర తీయడం శిక్షణ ఉన్నవారి పని. కాగితం చిరిగితే మసి రాతికే అంటుకుంటుంది.

అక్షరం తేలాలంటే పక్క వెలుతురు చాలు. ఉదయం ఎండ ఏటవాలుగా పడే వేళ, లేదా సాయంత్రం పొద్దు వాలుతున్నప్పుడు ఫొటో తీయండి. మిట్టమధ్యాహ్నమే దొరికితే ఇద్దరు దుప్పటి పట్టి రాయికి నీడ చేయాలి, మూడో మనిషి టార్చిని రాతి ముఖానికి దాదాపు ఆనించినట్టు పక్కనుంచి వేయాలి. ఎడమ, కుడి, పై నుంచి వెలుగు మార్చి మార్చి ఒక్కో ఫొటో తీస్తే, ఒకదానిలో దాగిన గీత మరోదానిలో బయటపడుతుంది. ఫోన్ రాయికి సమాంతరంగా ఉండాలి. పక్కన స్కేలు పెట్టండి, రాయి మీద ఆనించవద్దు. వెనక వైపు మరచిపోకండి, శాసనం కొన్నిసార్లు అక్కడే ఉంటుంది.

చివరగా పది అడుగులు వెనక్కి వచ్చి చెట్లు, గుట్ట, బాట కనిపించేలా రెండు తీయండి. నేలపైన ఉన్న ఎత్తు, వెడల్పు, మందం, ముఖం చూసే దిక్కు రాసుకోండి. చెట్ల కింద జీపీఎస్ తడబడుతుంది కాబట్టి రెండు నిమిషాలు ఆగి మూడుసార్లు గుర్తించండి. అక్షాంశ, రేఖాంశాల్లో దశాంశం తర్వాత ఐదు అంకెలుంటే మీటరు దాకా స్థలం తెలుస్తుంది, నాలుగే ఉంటే పదకొండు మీటర్ల తేడా రావచ్చు.

బొమ్మలను కింది నుంచి పైకి చూడండి. చాలా రాళ్లలో కింది వరుసలో పోరు, మధ్యలో వీరుణ్ని తీసుకుపోతున్న అప్సరసలు, పైన శివలింగం, సూర్యచంద్రులు ఉంటాయి. ఒకటే వరుస ఉన్నవీ ఉన్నాయి. గాజులతో ఎత్తిన చేయి ఉంటే అది సతి రాయి, అంటే సహగమనం చేసిన స్త్రీ పేరున నిలిపినది. తన తల తానే కోసుకుంటున్న బొమ్మ ఆత్మాహుతి శిల్పం. పాత లిపి అయితే ఊహించి చదవకండి, అక్షరాల వరుసలెన్నో మాత్రం రాయండి.

తర్వాత గొర్రెల కాపరులనో ఊరి పెద్దలనో అడగండి: ఈ రాయిని ఏమంటారు, ఎవరు మొక్కుతారు, ఎప్పుడు? వాళ్లు చెప్పిన పేరును వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పం, శాసనం పురావస్తువే. కాబట్టి ఇంటికి తెచ్చుకోకూడదు. ఫొటోలు, కొలతలు, స్థలం వివరాలతో రాష్ట్ర పురావస్తు శాఖకు, తహసీల్దారుకు లిఖితపూర్వకంగా తెలిపి రసీదు తీసుకోండి. అడవిలో అయితే అటవీ అధికారికి కూడా ఒక ప్రతి ఇవ్వండి.

ఆ చోటును సోషల్ మీడియాలో పెట్టవద్దు. వీరగల్లు కింద గుప్తనిధి ఉందన్న మూఢనమ్మకంతో తవ్వేవాళ్లున్నారు, రాళ్లు ముక్కలయ్యేది వాళ్ల చేతుల్లోనే. ఫొటో పంచుకునే ముందు దానిలోని లొకేషన్ తీసేయండి. కొత్తగా తవ్విన గుంత, నిమ్మకాయలు, కుంకుమ కనిపిస్తే గుంతలో దిగకుండా, దూరంగా వచ్చి 112కి ఫోన్ చేయండి.

ఆరు నెలలకు మళ్లీ అటు వెళ్తే, మొదటిసారి నిలబడిన చోటే నిలబడి అదే కోణంలో ఒక ఫొటో తీయండి. రాయి ఎంత ఒరిగిందో, ఏ అంచు రాలిందో పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఆ రెండు ఫొటోలను కూడా పురావస్తు శాఖకు పంపండి.