కళ్లు మూసుకుంటే తూలుతున్నారా? మెడ సంగతి కూడా చూడండి

సమస్య: ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూయగానే ఒళ్లు తూలుతుంది. చీకట్లో అడుగు ఎక్కడ పడుతుందో తెలీదు, చెప్పు జారిపోయినా నాలుగడుగులు వేశాక గానీ గమనించరు, చొక్కా గుండీలు పెట్టుకోవాలంటే వేళ్లకేసి చూడాల్సిందే. మెడ నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు కూడా, అందుకే దాన్ని ఎవరూ అనుమానించరు. చెవులు, కళ్లు, మోకాళ్లు అన్నీ చూపించుకున్నాక ఆఖర్న మెడ వంతు వస్తుంది.

కారణం: ఏ కీలు ఎంత వంగి ఉందో మనం చూడకుండానే మెదడుకు తెలుస్తూ ఉంటుంది. ఆ కబురు మోసే నరాల పోగులు వెన్నుపాము వెనక భాగంలో ఉంటాయి, కాళ్ల కబురైనా చేతుల కబురైనా మెడ దాటే పైకి వెళ్లాలి. అక్కడ వెన్నుపాము ఉండే గొట్టం ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లు. మెడ ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్కు ఉబ్బి, ఎముక అంచులు పెరిగి, ఎముకల్ని కట్టి ఉంచే వెనకున్న లిగమెంటు మందమై ఆ కొలత 10 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే వెన్నుపాము నలిగే ప్రమాదం ఎక్కువ. తల వెనక్కి వంచితే ఇంకా ఇరుకు. కళ్లు తెరిచి ఉన్నంతసేపూ చూపు ఈ లోటును కప్పేస్తుంది, మూస్తే బయటపడుతుంది.

తేల్చుకోవడం: పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్లు మూయండి, పక్కన పట్టుకోవడానికి మనిషి ఉంటేనే. తూలితే మెడే అని కాదు, షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా, బి12 విటమిన్ తగ్గినా ఇదే వరస, కాబట్టి రక్త పరీక్ష కూడా చేయించాలి. మెడకు ఎంఆర్ఐ తీస్తారు. కానీ వయసు పైబడ్డాక ఏ ఇబ్బందీ లేనివాళ్ల స్కాన్‌లోనూ కొంత ఇరుకు కనిపిస్తుంది, రిపోర్టు చూసి టెన్షన్ పడొద్దు, డాక్టరు చేతులూ కాళ్లూ పరీక్షించి దాంతో కలిపి చూడాలి.

పరిష్కారం: లక్షణాలు తక్కువగా ఉంటే ఫిజియోథెరపీతో బ్యాలెన్స్ సాధన చేస్తూ గమనిస్తారు. పెరుగుతుంటే ఆ ఒత్తిడి తీసేసే ఆపరేషన్. అది ముఖ్యంగా ఇంకా పాడవకుండా ఆపడానికే, పోయిన పట్టు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు, అందుకే నెలల తరబడి కాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చోవడం నాకు నచ్చదు. ఈలోగా రాత్రి చిన్న లైటు, స్నానానికి కుర్చీ పెట్టుకోండి. మెడ విరిపించుకునే అలవాటుంటే ఈరోజే మానేయండి. మూత్రం పట్టు తప్పినా, కాళ్లు గబగబా బలహీనపడుతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.