సిస్టెక్టమీ కోడింగ్: మూత్రం ఎటు పోతోందో తేలాకే కోడ్

అమీర్‌పేటలో సీపీసీకి (మెడికల్ కోడర్ల సర్టిఫికేషన్) చదివి, మాదాపూర్‌లో అమెరికా సర్జరీ చార్టులు పట్టిన కొత్త కోడర్ల చేయి తడబడే చోటు సిస్టెక్టమీ, అంటే మూత్రాశయం (బ్లాడర్) తీసే సర్జరీ. ఆప్ నోట్ (సర్జన్ రాసిన ఆపరేషన్ రిపోర్ట్) పైన ఉన్న హెడ్డింగ్ చూసి కోడ్ వేయకండి. అక్కడ 'ఇలియల్ కాండ్యూయిట్' (పేగు ముక్కతో మూత్రాన్ని బయటికి పంపే దారి) అని ఉండి, కింద వివరణలో నియోబ్లాడర్ (పేగుతో చేసిన కొత్త బ్లాడర్) కట్టినట్టు ఉంటే వివరణదే చెల్లుబాటు.

బ్లాడర్‌లో కొంత భాగమే తీస్తే సీపీటీ (అమెరికాలో ప్రొసీజర్లకు వాడే కోడ్‌లు) ప్రకారం 51550. రేడియేషన్, పాత సర్జరీ, కష్టమైన చోటు వల్ల జటిలమైతే 51555. యురేటర్‌ని (కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే గొట్టం) మళ్లీ బ్లాడర్‌కి కుడితే 51565. పూర్తిగా తీసేస్తే మాత్రం ఒక్క ప్రశ్న వేసుకోండి: మూత్రం లోపల నిలుస్తుందా, ఆగకుండా బయటికి వస్తుందా?

ఇలియం (చిన్నపేగు చివరి భాగం) నుంచి సుమారు 15 సెంటీమీటర్ల ముక్క వేరుచేసి, రెండు యురేటర్లూ దానికి కుట్టి, రెండో కొస పొట్ట మీద స్టోమాగా (బయటికి తెరుచుకునే రంధ్రంగా) తెస్తే అది కాండ్యూయిట్. మూత్రం నేరుగా సంచిలో పడుతుంది. కోడ్ 51590. 50 నుంచి 60 సెంటీమీటర్ల పేగును నిలువుగా చీల్చి, తిత్తిలా కుట్టి, యురెత్రాకి (మూత్రం బయటికి పోయే సహజ నాళం) కలిపితే నియోబ్లాడర్, 51596. యురేటర్లను నేరుగా చర్మానికో సిగ్మాయిడ్‌కో (పెద్దపేగు చివరి వంపు) తెస్తే 51580.

దెబ్బ తగిలేది ఇండియానా పౌచ్ (పేగుతో కట్టే ఇంకో రకం తిత్తి) దగ్గర. అక్కడా స్టోమా ఉంటుంది, అందుకని చాలామంది 51590 వేస్తారు. కానీ ఆ పౌచ్‌లో మూత్రం నిలుస్తుంది, పేషెంట్ క్యాథెటర్ పెట్టి తీసుకుంటారు. కాబట్టి 51596. స్టోమా అన్న మాట ఒక్కటే ఆధారం కాదు.

తర్వాత లింఫ్ నోడ్స్. రెండు వైపులా ఎక్స్‌టర్నల్ ఇలియాక్, హైపోగ్యాస్ట్రిక్, ఆబ్చురేటర్ నోడ్స్ తీస్తే 51590 కాస్తా 51595 అవుతుంది, 51580 కాస్తా 51585. నోట్‌లో 'ఇంటర్నల్ ఇలియాక్' అని ఉంటే హైపోగ్యాస్ట్రిక్ లేదనుకుని కోడ్ తగ్గించకండి. రెండూ ఒకటే. 51596లో మాత్రం నోడ్స్ కలిసి లేవు, అందుకే 38770ని మాడిఫయర్ 50తో (రెండు వైపులా చేశారని చెప్పే గుర్తు) విడిగా వేయాలి.

51590 పక్కన 50820 గానీ, పేగు కుట్టినందుకు 44120 గానీ పెడితే డినయల్ (క్లెయిమ్ తిరస్కరణ) ఖాయం. డైవర్షన్ (మూత్రాన్ని మళ్లించడం), పేగు అనాస్టమోసిస్ (పేగు కొసలు కలిపి కుట్టడం) రెండూ ఆ కోడ్‌లోనే ఉన్నాయి. సిస్టెక్టమీ లేకుండా కాండ్యూయిట్ ఒక్కటే చేసినప్పుడే 50820.

రోబోతో చేస్తే ఓపెన్ (పొట్ట కోసి చేసే సర్జరీ) కోడ్‌లు వర్తించవు. బ్లాడర్‌కి 51999, రెండు వైపులా పెల్విక్ నోడ్స్ పూర్తిగా తీస్తే 38571. 51999కి నిర్ణీత విలువ లేదు. కాబట్టి ఆప్ నోట్, పోల్చదగిన ఓపెన్ కోడ్ జతచేసి పంపండి, లేదంటే క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది. ఏ ఏడాది చార్టో ఆ ఏడాది సీపీటీ పుస్తకమే తెరవాలి.

డయాగ్నోసిస్‌కి సి67.9 (బ్లాడర్ క్యాన్సర్, ఏ చోటో చెప్పనిది) ఆఖరి దిక్కు. లాటరల్ వాల్ అని రాసుంటే సి67.2, ట్రైగోన్ అయితే సి67.0.

ఈ సర్జరీలకు గ్లోబల్ పీరియడ్ 90 రోజులు. ఆలోగా అదే సర్జన్ చేసే మామూలు ఫాలోఅప్‌కి బిల్లు లేదు. లీకేజీ వచ్చి అనుకోకుండా మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్తే, అక్కడ చేసిన ప్రొసీజర్‌కి మాడిఫయర్ 78.